ఒకే చెరువు, రెండు కాటాలు

(యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మారకార్థం ఉండిలో చేసిన ఉపన్యాస పాఠం)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమని పిలిచినప్పుడు నిర్వాహకులు నన్ను ఒక్కటే కోరారు. ఆయన జీవితకథ చెప్పి ఊరుకోకుండా, ఈ ప్రాంతానికి పనికొచ్చే విషయం ఏదైనా ఆయన పనితో కలిపి చెప్పమన్నారు. ఉండిలో ఆ విషయం కోసం వెతుక్కోనక్కర్లేదు. ఈ ఊరు దాటి ఏ దిక్కుకు నడిచినా చెరువు గట్టే ఎదురవుతుంది. మనం పండించే చేపకూ రొయ్యకూ గిరాకీ ఎలా తెస్తున్నాం, కొనేవాళ్ళకు ఏం చెబుతున్నాం, ఏం చెప్పకుండా దాటేస్తున్నాం అన్నదే ఈరోజు నా విషయం.

భీమవరం ఇక్కడికి పక్కనే. 1895 జనవరి 12న సుబ్బారావు గారు పుట్టింది అక్కడే. ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే గ్రహణి జబ్బుతో పోయారు. ఆ జబ్బు ఆయన్నీ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. అటుతర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకి అదే మందయింది. గోదావరి జిల్లాల్ని తరతరాలుగా పీడించిన బోదకాలుకు ఇంటింటికీ తిరిగి పంచిన డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాల నుంచి వచ్చిందే. ఇవి చాలామందికి తెలిసిన సంగతులు. వీటికంటే తక్కువ తెలిసిన రెండు సంగతులు నాకు ఈరోజు కావాలి.

మొదటిది 1925 నాటిది. హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలిసి ఆయన రక్తంలో, మూత్రంలో ఉండే భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని రూపొందించారు. జీవరసాయన శాస్త్రం చదివిన ప్రతివాళ్ళకూ ఫిస్కె–సుబ్బారావు పద్ధతి తెలుసు. రెండోది 1948 నాటిది. సుబ్బారావు గారు పరిశోధనలను పర్యవేక్షిస్తున్న రోజుల్లోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు లెడర్లీలో కనుగొన్న ఆరియోమైసిన్ ఆ ఏడాది లోకానికి వెల్లడయింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటి మందు. ఆ ఏడాది ఆగస్టులోనే, 53 ఏళ్ళకే, సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఆయన చూడనిది ఆయన పోయాక జరిగింది. అదే లెడర్లీలో థామస్ జ్యూక్స్ ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపి చూస్తే అవి మామూలుకంటే త్వరగా బరువు పెరిగాయి. 1950లో ఈ సంగతి బయటికి రాగానే ప్రపంచమంతా పశువుల దాణాలో, కోళ్ళ మేతలో యాంటీబయాటిక్ కలపడం మొదలుపెట్టింది. మనిషి ప్రాణం కాపాడడానికి పుట్టిన మందు మాంసం తూకం పెంచే సరుకయింది. వాడగా వాడగా మందుకు లొంగని సూక్ష్మజీవులు పుట్టుకొస్తాయని తేలింది. ఐరోపా 2006లోనూ, అమెరికా 2017లోనూ బరువు పెంచడం కోసం ఈ మందులు వాడడం ఆపించాయి. నష్టం తెలిశాక కూడా ఆపడానికి దశాబ్దాలు పట్టిందంటే, చౌకగా త్వరగా పెరిగిన సరుకు అమ్మేవాళ్ళకు అంత తీపి.

మన చెరువులకు వద్దాం. 1990ల తొలినాళ్ళలో టైగర్ రొయ్య ఈ డెల్టాను ఊపేసింది. 1994, 95ల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చి ఊడ్చేసింది. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక మళ్ళీ చెరువులు నిండాయి. ఇప్పుడు వచ్చే జబ్బులను వైట్ గట్ అంటారు, ఈహెచ్‌పీ అంటారు, రన్నింగ్ మోర్టాలిటీ అంటారు. చెక్ ట్రేలో మేత మిగిలిపోయిందంటే ఆ రాత్రి రైతుకు నిద్ర ఉండదు. అప్పు తెచ్చి, ఎకరాకు లీజు కట్టి, సీడ్ వేసి, ఏరేటర్ల కరెంటు బిల్లు చూసుకుంటూ బతికే మనిషికి ఆ క్షణంలో ఎవరైనా ఒక డబ్బా చేతిలో పెట్టి ఇది కలుపు, ఆగిపోతుంది అంటే కలుపుతాడు. తెల్లమచ్చ వైరస్ వల్ల వస్తుంది. వైరస్‌ను యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. ఈహెచ్‌పీని తెచ్చేది బూజుజాతికి దగ్గరి జీవి. దాన్నీ ఏమీ చేయలేదు. ఈ మాట డబ్బా అమ్మేవాళ్ళు చెప్పరు. ఆహారం అమ్మకంలో నీతి గురించి మాట్లాడేటప్పుడు అందరూ చివరి ప్యాకెట్టు మీది బొమ్మల దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం రైతుకు జరిగే ఈ అమ్మకం దగ్గరే మొదలుపెడతాను. మందు పేరు, మోతాదు, ఏ రోగానికి, వాడాక ఎన్ని రోజులు పట్టుబడి ఆపాలి అన్నది డబ్బా మీద తెలుగులో రాయకుండా చెరువు గట్టుకు సరుకు చేర్చేవాళ్ళే మొదటి అబద్ధం చెబుతున్నారు. రైతు అక్కడ మోసపోయిన కొనుగోలుదారు.

ఇక మన సరుకు ఎటు పోతుందో చూద్దాం. 2024–25లో దేశం నుంచి రూ.62,408 కోట్ల సముద్రోత్పత్తులు ఎగుమతి అయ్యాయి. అందులో గడ్డకట్టించిన (ఫ్రోజెన్) రొయ్యలే రూ.43,334 కోట్లు. 7.41 లక్షల టన్నుల రొయ్యల్లో 3.11 లక్షల టన్నులకు పైగా ఒక్క అమెరికాకే వెళ్ళాయి. ఈ రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే.

ఈ సరుకుకు పరీక్ష ఉంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు దొరికి 2002 ప్రాంతంలో ఐరోపా మన కంటైనర్లను వెనక్కి పంపడంతో కేంద్రం మేల్కొంది. ఎగుమతి సరుకులో ఉండకూడని మందుల జాబితా అప్పుడే వచ్చింది. తర్వాత సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) వాళ్ళు మందుల అవశేషాలను పరీక్షించే ఎలీసా ల్యాబులు పెట్టారు, భీమవరంలోనూ ఒకటి ఉంది. ఐరోపాకు వెళ్ళే రొయ్యను పట్టుబడికి ముందే ఆ ల్యాబులో పరీక్ష చేయించి పత్రం తీసుకోవాలి. అది చాలదని 2016లో ఐరోపా తన ఓడరేవుల్లో మన కన్సైన్‌మెంట్లలో సగాన్ని మళ్ళీ పరీక్షించాలని నిర్ణయించింది. అడిగేవాళ్ళున్నారు కాబట్టి మనం నేర్చుకున్నాం, చేసి చూపించాం. మన రైతుకు, మన ల్యాబులకు ఆ పని చేతకాదని ఇక ఎవరూ అనలేరు.

ఇప్పుడు అదే మండలంలో, పక్క చెరువులో పట్టిన శీలావతి, బొచ్చె చేపలు హౌరాకు లారీ ఎక్కుతాయి. గౌహతికి వెళ్తాయి, పాట్నాకు వెళ్తాయి, కొన్ని సాయంత్రం మన ఊరి సంతలో పరదా మీదికి వస్తాయి. ఎగుమతి కౌంటుకు, అంటే సైజుకు, రాని రొయ్య కూడా ఆ పరదా మీదికే వస్తుంది. వాటిని ఎవరు పరీక్షిస్తున్నారు? చట్టం లేదా అంటే ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2011 నిబంధనల్లోనే చేపలో, రొయ్యలో టెట్రాసైక్లిన్ కిలోకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని రాశారు. అది చదివినప్పుడల్లా నాకు గుర్తుకొచ్చేది ఆరియోమైసిన్ కుటుంబమే. 2025 మార్చిలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల మందులను ఆహారానికి పెంచే ఏ జంతువుకూ అమ్మకూడదని కేంద్రం నిషేధించింది. కాగితం మీద న్యాయం ఒక్కటే. పట్టుబడి రోజు మాత్రం బ్రస్సెల్స్‌లో తినేవాళ్ళ కోసం నమూనా తీస్తాం, హౌరాలో తినేవాళ్ళ కోసం ఐసు మాత్రమే వేస్తాం. ఒకే చెరువు నీళ్ళకు రెండు కాటాలు పెట్టుకున్నాం. ఈ ఒక్క మాట చెప్పడానికే నేను ఇంతదూరం వచ్చాను.

దీని ఖరీదు మనం చెల్లించాం. 2018 జూన్‌లో కేరళ చెక్‌పోస్టుల దగ్గర ఫార్మాలిన్ కలిపిన చేపల్ని పట్టుకున్నారు. జూలైలో అస్సాం ఫార్మాలిన్ ఆనవాళ్ళు దొరికాయని బయటి రాష్ట్రాల చేపల మీద తాత్కాలిక నిషేధం పెట్టింది. 2019 జనవరిలో పాట్నాలో ఆంధ్రా చేపల అమ్మకాన్ని బీహార్ ప్రభుత్వం ఆపింది. ఫార్మాలిన్ అంటే శవాలను నిలవ ఉంచే ద్రావణం. అందులోని ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. ఆ వారాల్లో ఇక్కడి రైతులు మేము కలపలేదు అన్నారు, ఎక్కువమంది విషయంలో అది నిజమనే నేను నమ్ముతాను. దారిలో ఎవరో కలిపి ఉండవచ్చు, అక్కడి బజారులోనే కలిపి ఉండవచ్చు. కాని నిజమని చూపించడానికి మన చేతిలో ఏముంది? లారీ ఎక్కించేటప్పుడు తీసిన నమూనా లేదు, క్రేటు మీద చెరువు పేరు లేదు, పట్టిన తేదీ లేదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ అప్పటికే ఫార్మాలిన్‌ను నిమిషాల్లో పట్టిచ్చే చిన్న కాగితపు పట్టీని తయారుచేసి పెట్టింది. చేప మీద రుద్ది, చుక్క వేస్తే రంగు చెబుతుంది. అలాంటి పట్టీతో పరీక్షించి రాసుకున్న పుస్తకం ప్రతి ప్యాకింగ్ షెడ్డులో ఉండి ఉంటే పాట్నాలో మన పేరు అలా పోయేది కాదు. కల్తీ చేయని రైతును కాపాడేది రికార్డే.

రికార్డు లేకపోతే ఏమవుతుందో ఏలూరు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2020 డిసెంబరులో ఉన్నట్టుండి జనం మూర్ఛలతో పడిపోయారు. 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చని నిపుణులు అన్నారు. అవి ఏ నీటి ద్వారా, ఏ కూరగాయ ద్వారా వచ్చాయన్నది స్పష్టంగా తేలలేదు. ఏ బుట్ట ఏ పొలం నుంచి వచ్చిందో రాసుకునే అలవాటు లేని చోట జాడ పట్టుకోవడం ఎవరి తరం?

ఇప్పుడు ముద్రల సంగతి. విదేశీ సూపర్ మార్కెట్లో మన రొయ్య ప్యాకెట్టు మీద బాధ్యతగా పెంచారని చెప్పే ఏఎస్‌సీ ముద్ర ఉండవచ్చు, బీఏపీ నక్షత్రాలు ఉండవచ్చు. బీఏపీలో నాలుగు నక్షత్రాలంటే హేచరీ, మేత కర్మాగారం, చెరువు, ప్రాసెసింగ్ ప్లాంటు నాలుగూ తనిఖీకి నిలిచాయని అర్థం. వీటిని నేను తేలిగ్గా తీసెయ్యను. వీటి వల్లే కొన్ని చెరువుల్లో లెక్కలు రాయడం మొదలయింది. అయితే నాలుగు నక్షత్రాల్లో డ్రెయిన్‌కు ఒక్క నక్షత్రం కూడా లేదు. ఉండి రైతుకు ఇది అరటిపండు ఒలిచినట్టు చెప్పవలసిన పని లేదు, రోజూ చూసేదే. నా చెరువు తూము ఎత్తితే నీళ్ళు డ్రెయిన్లోకి పోతాయి. దిగువన ఉన్న రైతు ఆ డ్రెయిన్లోనే మోటారు పెట్టి తోడుకుంటాడు. నా చెరువులో తెల్లమచ్చ వస్తే, చచ్చిన రొయ్యతో సహా ఆ నీళ్ళు వదిలేస్తే, అతని చెరువు వారంలో పోతుంది. ముద్ర చెరువుకు ఇస్తున్నారు, జబ్బు డ్రెయిన్‌ది. కాలవ మీద ఆధారపడ్డ ప్రాంతంలో ఒక్కో చెరువునే విడిగా చూసి ఇది పర్యావరణానికి మేలు చేసే పంట అని ముద్ర వేస్తే అది సగం నిజం.

సుబ్బారావు గారు కొలిచిన భాస్వరం ఇక్కడ మళ్ళీ అవసరమవుతుంది. తాడేపల్లిగూడెం వైపు మిల్లుల్లో నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క చిల్లుల సంచుల్లో పోసి చెరువులో గెడలకు కట్టడం కొల్లేరు రైతు కనిపెట్టుకున్న పద్ధతి. చేప వచ్చి పొడుచుకు తింటుంది. మేత వృథా తగ్గించే తెలివైన పద్ధతి అది. అయినా ఒంటికి పట్టింది పోగా మిగిలిన భాస్వరం నీళ్ళలోకి, అడుగు బురదలోకి దిగుతుంది. దానికి కోళ్ళ ఎరువు తోడవుతుంది. కొన్నిచోట్ల కోడిమాంసం దుకాణాల వ్యర్థాలు కూడా వేస్తున్నారని పత్రికల్లో తరచూ చదువుతున్నాం. అవి తిన్న చేపను ఏ పేరుతో అమ్మినా అది తినేవాడికి ద్రోహమే. ఈ పోషకాలకు పొలాల ఎరువు, ఊళ్ళ మురుగు కలిసి డ్రెయిన్లలో గుర్రపుడెక్క మనిషి నడిచేంత దట్టంగా అల్లుకుంటుంది. నీరు కదలదు, వానాకాలంలో వరి మునుగుతుంది. చెరువు రైతు తగ్గించుకున్న ఖర్చును వరి రైతు భరిస్తున్నాడు. ఆ ఖర్చు ఏ ప్యాకెట్టు ధరలోనూ లేదు.

కొల్లేరు పేరు చెప్పి చేప అమ్ముతాం. ఆ సరస్సు +5 అడుగుల కాంటూరు వరకూ 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు పగలగొట్టారు. తర్వాతి ఏళ్ళలో చాలాచోట్ల మళ్ళీ గట్లు లేచాయి. గట్లు తెగినప్పుడు బతుకు పోయింది సొసైటీ చెరువుల్లో వాటా ఉన్న లంక గ్రామాల వాళ్ళకు. గట్టు మీద పెట్టుబడి పెట్టిన పెద్దవాళ్ళు ఇంకోచోటికి వెళ్ళారు. ఈ తగాదా న్యాయస్థానాల్లో ఉంది, నేను తీర్పు చెప్పను. కొల్లేరు పేరు పెట్టుకున్న సరుకు సరస్సు లోపలిదా, బయటిదా అన్నది కొనేవాళ్ళకు తెలియాలని మాత్రం అంటాను.

చెరువు దాటితే షెడ్డు. రొయ్య తల తీసి, తొక్క ఒలిచే చేతులు ఎక్కువగా మన ఊళ్ళ ఆడపడుచులవే. ఐసు నీళ్ళలో గంటల తరబడి నిలబడి చేసే పని, ఎక్కువమంది కాంట్రాక్టరు కింద కూలీలు. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర రొయ్యల ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి అయిదుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే రోజుల్లో భీమవరం పక్కన తుందుర్రులో, అక్కడ కడుతున్న ఆక్వా ఫుడ్ పార్కు వల్ల డ్రెయిన్ ఏమవుతుందని ఊరు ఊరంతా రోడ్డెక్కింది. 2024 మార్చిలో షికాగో నుంచి పనిచేసే కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ మన రాష్ట్రపు రొయ్యల పరిశ్రమలో కూలీల పరిస్థితి మీద నివేదిక వెలువరించింది. అది చదివి మన వాళ్ళు కొందరు ఇది పోటీదారుల కుట్ర అన్నారు. ఎవరు రాశారన్నది నాకు ముఖ్యం కాదు. అందులో రాసినది మన ఆడవాళ్ళ గురించి. అది మనం ముందే రాసి ఉండవలసింది.

ఒక్క మనిషి పట్టుదలగా నిలబడితే ప్యాకెట్టు మీది మాట మారుతుందా అని విద్యార్థులు అడుగుతుంటారు. హైదరాబాదులో పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారిని చూడండి. విరేచనాలయిన పిల్లలకు ఇచ్చే ఓఆర్ఎస్‌లో ఉప్పు, గ్లూకోజు ఎంతెంత ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. ఆ పేరు తగిలించుకుని చక్కెర ఎక్కువున్న పండ్ల రుచి పానీయాలు మందుల షాపుల్లో అమ్ముడయ్యాయి. తల్లులు ఓఆర్ఎస్ అనుకుని అవే పట్టారు. పిల్లలకు విరేచనాలు ఇంకా పెరిగాయి. ఆమె ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాశారు, కోర్టుకు వెళ్ళారు. చివరికి 2025 అక్టోబరులో ఆ పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. గ్రహణితో అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న మనిషి పేరున జరుగుతున్న సభలో ఆమె పేరు తలుచుకోవడం నాకు న్యాయంగా తోచింది.

అదే సంస్థ 2018లో ప్రకటనల మీద నిబంధనలు తెచ్చింది. కడగడం, ఒలవడం, చల్లబరచడం, కోయడం లాంటివి మించి ఏ ప్రక్రియా జరగని సరుకునే తాజా అని చెప్పుకోవాలి. సహజం, స్వచ్ఛం, సంప్రదాయం లాంటి మాటలకూ హద్దులు గీశారు. ఫోన్లో చేప అమ్మే యాప్‌లు ఈ నిబంధనను ఎంతవరకు పాటిస్తున్నాయో మీరే చూసి ఫిర్యాదు చేయవచ్చు. మంచి పని కూడా చెప్పకుండా చేస్తే ఏమవుతుందో రేషన్ బియ్యంలో చూశాం. నూరు కిలోలకు ఒక కిలో చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 చేర్చిన గింజలు కలిపారు. సుబ్బారావు గారి ఫోలిక్ ఆమ్లమే అది. ముందుగా ఇంటింటికీ చెప్పే పని సరిగా జరగలేదు. జనం ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారబోశారు.

ఇక నేను అడిగేది. ఈ ఊళ్ళో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, మత్స్య పరిశోధన కేంద్రం ఉంది, కూతవేటు దూరంలో భీమవరంలో ఎలీసా ల్యాబు ఉంది. ఒక్క డ్రెయిన్‌ను ఎంచుకుందాం. దాని మీద ఉన్న చెరువుల రైతులంతా కలిసి, తూము ఎత్తే రోజు ముందుగా దిగువ రైతులకు చెప్పే ఒప్పందం రాసుకోవాలి. వంతెన దగ్గర బోర్డు పెట్టి నెలనెలా ఆ నీటిలో భాస్వరం ఎంతో, ప్రాణవాయువు ఎంతో రాయాలి. కాలేజీ పిల్లలు కొలవగలరు. ఆ డ్రెయిన్ మీది చెరువుల నుంచి హౌరాకు వెళ్ళినా, ఉండి సంతకు వచ్చినా, ప్రతి లోడుకూ ఐరోపా సరుకుకు తీసినట్టే నమూనా తీయాలి. క్రేటు మీద ఊరి పేరు, పట్టిన తేదీ, పరీక్ష నంబరు అంటించాలి.

ఖర్చు ఎవరిదని మీరు అడుగుతారు, అడగాలి. లారీలో పది టన్నుల చేప ఉందనుకుందాం. పరీక్షకు రెండు వేలు అయిందనుకున్నా కిలోకు పడేది ఇరవై పైసలు. ఈ ఇరవై పైసలు రైతు దగ్గర కోయకూడదు. ఇప్పటికే తరుగు పేరున, ఐసు పేరున, కమీషను పేరున కోతలు చాలు. అది కొనుగోలుదారు బిల్లులో విడి పద్దుగా ఉండాలి, హౌరాలో చేప కొనే ఇల్లాలికి కనిపించాలి. ఆమె ఇవ్వనంటుందని వ్యాపారులు నాతో అన్నారు. ఇప్పటిదాకా ఆమెను ఎవరూ అడగలేదు. వచ్చే పట్టుబడి లోపు ఒక డ్రెయిన్ రైతులు ఒప్పుకుంటే, ఆ ఒప్పందం రాసే సమావేశానికి నేనూ వస్తాను.